అమ్మ కోసం కొన్న ఆడియో బైబిలు: 16 నెలలు వాడాక

బైబిలు చదివి వినిపించే ఈ చిన్న పెట్టె కొన్నది నిరుడు జనవరి చివరి వారంలో. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక క్రైస్తవ పుస్తకాల షాపులో. ధర 2,350 రూపాయలు, బేరం లేదు, బిల్లు ఇచ్చారు. కంపెనీ పేరూ షాపు పేరూ ఇక్కడ రాయడం లేదు. మొదట ఇచ్చిన పెట్టె 22 రోజులకే ఆగిపోయింది. ఆ సంగతి దాచకుండా రాయాలి, కానీ పేరు పెట్టి ఎవరి వ్యాపారానికీ నష్టం చేయాలని నాకు లేదు. ఇలాంటి పెట్టెలు క్రైస్తవ పుస్తకాల షాపుల్లో, పెద్ద సభల దగ్గర పెట్టే స్టాళ్లలో దొరుకుతాయి. కొనేముందు ఏం చూసుకోవాలో చెబుతాను, కొన్నాక మా ఇంట్లో ఏం జరిగిందో కూడా చెబుతాను. రెండోదే ఎక్కువ చెబుతానేమో.

మేం గుంటూరు సంగడిగుంటలో ఉంటాం. నేను మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. అమ్మకు 67 ఏళ్లు. చదువు రాదు.

అమ్మకు చదువు రాకపోవడం మా ఇంట్లో మామూలు విషయం కాదు. ఎందుకంటే మా నాయనమ్మ లూథరన్ మిషన్‌లో బైబిల్ ఉమన్‌గా పనిచేసింది. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియదు. మగ బోధకులు అడుగుపెట్టలేని ఇళ్లలోకి వెళ్లి, ఆడవాళ్ల మధ్య కూర్చుని బైబిలు చదివి వినిపించడానికి మిషన్ వాళ్లు పెట్టుకున్న స్త్రీలు వాళ్లు. 1842 జూలై 31న అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చిన సంగతి మా సంఘంలో అందరికీ తెలుసు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పేరు మీద ఆస్పత్రే ఉంది. ఎండలో కొంగు తలమీద కప్పుకుని, సంచిలో బొమ్మల కార్డులు పెట్టుకుని వీధి వీధీ తిరిగిన మా నాయనమ్మలాంటి వాళ్ల పేర్లు మాత్రం నాకు ఏ రాతిపలక మీదా కనపడలేదు. ఈ పెట్టె గురించి రాస్తున్నప్పుడైనా ఆమె సంగతి ఒక్క మాట చెప్పాలనిపించింది.

నాయనమ్మ రోజూ సాయంత్రం వంటింటి గడప మీద కూర్చుని గట్టిగా చదివేది. అమ్మ పొయ్యి దగ్గర వింటూ వండేది. కోడలికి అక్షరాలు నేర్పాలని నాయనమ్మ చాలాసార్లు చూసింది. అమ్మకు పనితో తీరలేదు, తర్వాత సిగ్గేసింది. 2009లో నాయనమ్మ ప్రభువు దగ్గరకు వెళ్లిపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో గట్టిగా చదివేవాళ్లు లేరు. నేను చదివేది ఫోన్లో, మనసులో. ఒక రోజు అమ్మ నాయనమ్మ బైబిలు తెచ్చి, "రూతు ఎక్కడుందో కాస్త చూపించవే" అంది. చూపించాను. ఆ పేజీలో ఒక ఎర్ర దారం పెట్టుకుని, మూసి, మళ్లీ దిండు పక్కన పెట్టుకుంది. చదివి వినిపించమని నన్ను అడగలేదు. నాకు టైం ఉండదని ఆమెకు తెలుసు. ఆ దారం చూసినప్పుడల్లా నాకు గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది. అందుకే కొన్నాను.

ఇక పెట్టె సంగతి. అరచేతిలో పట్టే సైజు, బరువు తక్కువ, పైన మోసుకెళ్లడానికి తాడు. 66 పుస్తకాలూ ఉన్నాయి. పాత నిబంధనకీ కొత్త నిబంధనకీ పక్కన ఒక చిన్న మీట. పుస్తకం మార్చడానికి ఒక బటన్, అధ్యాయం మార్చడానికి ఒక బటన్, మధ్యలో మొదలుపెట్టే బటన్, సౌండుకు రెండు. చిన్న తెర మీద పుస్తకం నంబరు, అధ్యాయం నంబరు అంకెల్లో కనిపిస్తాయి. ఆపిన చోటే మళ్లీ మొదలవుతుంది, ఇది చాలా ముఖ్యం. కొన్ని చవక పెట్టెల్లో ఆపితే మళ్లీ ఆదికాండం మొదటి అధ్యాయానికి పోతుంది. కొనేముందు షాపులోనే ఒకసారి ఆపి, మళ్లీ పెట్టించి చూసుకోండి.

బటన్లన్నీ ఒకే సైజు, ఒకే నలుపు. చదువు రానివాళ్లు, చూపు తగ్గినవాళ్లు కదా దీన్ని ఎక్కువగా వాడేది. వాళ్ల గురించి ఆలోచించి ఉంటే పుస్తకం బటన్ మీద ఒక గుబ్బ అయినా పెట్టి ఉండేవాళ్లు. నేను జాకెట్లకు కుట్టే ముత్యం ఒకటి ఫెవిక్విక్‌తో అతికించాను. ఇక అమ్మకు తెరతో పని లేదు. మీట కొత్త నిబంధన వైపు, ముత్యం ఒకసారి నొక్కితే మత్తయి, రెండుసార్లు మార్కు, మూడు లూకా, నాలుగు యోహాను. పాత నిబంధన వైపు పెట్టి ఎనిమిదిసార్లు నొక్కితే రూతు. వారం రోజుల్లో 66 పుస్తకాల వరస అమ్మకు కంఠతా వచ్చేసింది. నాకు ఇప్పటికీ పాత నిబంధన చివర్లో వచ్చే చిన్న ప్రవక్తల పుస్తకాల దగ్గర తడబాటు వస్తుంది.

చార్జింగ్ గురించి: ఒకసారి నిండితే మామూలు సౌండులో ఏడెనిమిది గంటలు వస్తుంది. వెనకాల సోలార్ పలక ఉంది. రోజంతా ఎండలో పెడితే రెండు మూడు గంటలు మోగుతుంది, అంతకంటే ఆశించొద్దు. మే నెల గుంటూరు ఎండలో మిట్టమధ్యాహ్నం అసలు పెట్టొద్దు, ప్లాస్టిక్ చెయ్యి పెట్టలేనంత కాలిపోతుంది. పొద్దున పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టండి. చార్జర్ పిన్ను పాతరకం, ఇప్పటి ఫోన్ల చార్జర్ పట్టదు. సౌండు ముప్పావు వరకు శుభ్రంగా ఉంటుంది, పూర్తిగా పెంచితే గరగర.

చదివిన గొంతు బాగుంది. తొందర లేదు, నాటకంలా అరుపులు లేవు. మనం గుడిలో, అంటే చర్చిలో, వినే పాత అనువాదమే చదివారు. మన భాషలో మొదట మూడు సువార్తలు 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యాయి, మొత్తం బైబిలు 1854కి వచ్చింది. ఆ పెద్దల కష్టం మీద నాకు గౌరవం ఉంది, అమ్మ చెవికి ఆ భాషే తియ్యన. కొత్తగా వినేవాళ్లకు మాత్రం కష్టం. "సమాజమందిరపు అధికారి" అంటే ఎవరికి అర్థమవుతుంది? వాడుక భాష అనువాదం కూడా అదే మెమరీ కార్డులో పెట్టి, మీటతో మార్చుకునేలా ఇస్తే బాగుండేది.

కొన్న కొత్తలో అమ్మ ఇంట్లోనే వినేది. ఫిబ్రవరిలో మిరపకాయల సీజన్ ఊపందుకుంది. మా ఇంటికి నాలుగు ఇళ్ల అవతల ఒక రేకుల షెడ్డు ఉంది, అక్కడ ఆడవాళ్లు కాయలకు తొడిమలు తీస్తారు. కిలోకి ఇంత అని కూలి. పల్నాడు నుంచి, ఇంకా దూరం నుంచి కూడా సీజన్‌కు వచ్చి ఇక్కడే గదులు తీసుకుని ఉండేవాళ్లు ఉంటారు. అమ్మ కూడా పొద్దుపోక మధ్యాహ్నం పూట వెళ్లి కూర్చుంటుంది, ఏ పది రూపాయలు వచ్చినా ఆమె చేతి ఖర్చుకు. నాకు ఇష్టం లేదు, ఆ ఘాటుకు దగ్గు వస్తుంది. చెబితే వినదు.

ఒకరోజు సంచిలో పెట్టె పట్టుకెళ్లింది. ఆ సంగతి తెలిసి నేను టెన్షన్ పడ్డాను. ఎవరన్నా ఏమన్నా అంటే? అమ్మ మాత్రం చాలా పద్ధతిగా చేసింది. ముందు మేస్త్రీని అడిగింది. ఆయన, "వాళ్లందరికీ ఇష్టమైతే పెట్టుకో పెద్దమ్మా, పొద్దున మాత్రం సినిమా పాటలే" అన్నాడు. అమ్మ అక్కడున్న పద్నాలుగు మందినీ అడిగింది. ఒకావిడ, అమ్మకంటే నాలుగైదేళ్లు చిన్నదేమో, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ భక్తురాలు. "నా తల్లి నాకుందక్కా, నాకు వేరే అక్కర్లేదు" అంది. అమ్మ, "నిన్ను మారమని ఎవరన్నారమ్మా, కథ వింటావా లేదా, అది చెప్పు" అంది. "కథయితే వింటాలే" అందట. అలా అన్నం తిన్న తర్వాత ఒక గంట అమ్మ పెట్టె మోగేది. మేకుకు తగిలించి, మిరప దుమ్ము లోపలికి పోకుండా స్పీకర్ మీద పలచటి చేతిరుమాలు కట్టేది. ఈ చిట్కా మీరూ పాటించండి. మా కోల్డ్ స్టోరేజీ కాలిక్యులేటర్లే ఆ దుమ్ముకు ఏడాది తిరక్కుండా పోతాయి.

మార్కు సువార్త పెట్టింది. 16 అధ్యాయాలే, కొత్తవాళ్లకు అది మంచిదని నాయనమ్మ అనేదట.

ఐదో అధ్యాయం నడుస్తోంది. యాయీరు అనే యూదుల సమాజమందిరపు పెద్ద వచ్చి, నా చిన్న కూతురు చావు బతుకుల్లో ఉంది రమ్మని యేసు కాళ్ల మీద పడతాడు. ఆయన బయల్దేరతాడు. దారినిండా జనం. ఆ జనంలో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న ఒక స్త్రీ ఉంటుంది, ఉన్నదంతా వైద్యులకు పోసి ఇంకా కుంగిపోయిన మనిషి. ఆమె వెనక నుంచి వచ్చి ఆయన వస్త్రం ముట్టుకుంటుంది. బాగవుతుంది. ఆయన ఆగి, నన్ను ముట్టింది ఎవరని అడుగుతాడు. ఆ మాటలు అవుతుండగానే ఇంటి నుంచి మనుషులు వస్తారు: నీ కూతురు చనిపోయింది, ఇంకా ఆయన్ను ఎందుకు శ్రమపెడతావు అని.

సరిగ్గా అక్కడ పెట్టె ఆగిపోయింది.

తాడు కదిపారు, బటన్ నొక్కారు, ఎండలో పెట్టారు. తెర కూడా వెలగలేదు. కొన్న 22వ రోజు. షెడ్డులో పద్నాలుగు మంది చేతులు ఆపి అమ్మ వైపు చూశారట. "ఆ తర్వాతేమైంది పెద్దమ్మా? పిల్ల బతికిందా?"

మా అమ్మ 67 ఏళ్ల జీవితంలో గుడిలో నిలబడి ఒక్క మాట మాట్లాడింది లేదు. స్త్రీల సమాజంలో వరసగా అందరూ సాక్ష్యం చెబుతుంటే, తన వంతు వచ్చేసరికి "నా బదులు మీరే చెప్పండి" అని పక్కావిడను గిల్లేది. చదువుకున్న అత్తగారి ముందు ఏళ్ల తరబడి నోరు మెదపని అలవాటు అది. ఆ రోజు మిరపకాయల మధ్య కూర్చుని మిగతా కథ చెప్పింది. అన్నేళ్లు పొయ్యి దగ్గర విన్నది ఎక్కడికి పోతుంది! ఏడ్చేవాళ్లను బయటికి పంపేయడం, ఆయన మాట విని వాళ్లు నవ్వడం, తల్లినీ తండ్రినీ ముగ్గురు శిష్యులనూ మాత్రం లోపలికి తీసుకెళ్లడం, పిల్ల చెయ్యి పట్టుకుని "తలీతాకుమీ" అనడం, ఆ పన్నెండేళ్ల పిల్ల లేచి నడవడం. చివర్లో, ఆ పిల్లకు తినడానికి ఏదన్నా పెట్టమని ఆయన చెప్పడం.

ఆ చివరి మాట దగ్గర తిరుపతమ్మ భక్తురాలు, "చచ్చి బతికిన పిల్లకి ఆకలేస్తదని గుర్తుపెట్టుకున్నాడా? మగాళ్లకి ఎక్కడ తోస్తదక్కా అది, తల్లికి తోచాల్సిన మాట" అందట. నేను ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. సండేస్కూల్లో పిల్లలకు చెప్పాను కూడా. ఆ అన్నం సంగతి నేను ఒక్కసారీ ఆగి ఆలోచించలేదు. క్రైస్తవురాలు కాని ఒక మనిషి, ఏ బైబిలూ పట్టుకోని మనిషి, మా బైబిల్లో మేం వదిలేసి పోయిన మాటను ఏరి మా చేతిలో పెట్టింది.

పెట్టె మార్పించడానికి మూడు ట్రిప్పులు పట్టింది. గుంటూరు నుంచి విజయవాడకు బస్సులో గంటపైన, పైగా నాకు సెలవు దొరకాలి. మొదటిసారి, నీళ్లు పడ్డాయేమో అన్నారు. పడలేదు. రెండోసారి, కంపెనీ మనిషి రావాలన్నారు. మూడోసారి బిల్లూ గ్యారంటీ కార్డూ బల్ల మీద పెట్టి, ఇది ఎవరి కోసం కొన్నానో చెప్పాను. అప్పుడు అక్కడి పెద్దాయన లోపలికి వెళ్లి కొత్తది తెచ్చి, చార్జింగ్ పెట్టి చూపించి ఇచ్చారు, ఆలస్యానికి క్షమించమన్నారు. మొత్తం 19 రోజులు. పేదవాళ్లు, ముసలివాళ్లు కొనే వస్తువు ఇది, మొదటి రోజే మార్చి ఇవ్వాల్సింది. కొత్తది మాత్రం ఇప్పటివరకూ ఆగలేదు.

ఆ 19 రోజులూ షెడ్డులో పెట్టె లేదు, అమ్మే ఉంది. రోజూ మధ్యాహ్నం ఒక కథ. పొద్దున్నే నన్ను లేపి, "ఇవాళ ఆరో అధ్యాయం, ఐదు రొట్టెలు, రెండు చేపలు. మిగిలినవి ఎన్ని గంపలే, పన్నెండేనా?" అని అడిగేది. నేను ఫోన్లో చూసి పన్నెండే అని చెప్పేదాన్ని. పొరపాటు చెప్పకూడదని ఆమె భయం. నేను బాక్సు సర్దుకుంటూ గట్టిగా చదివేదాన్ని, ఆమె వినేది. 2009 తర్వాత మా ఇంట్లో మళ్లీ గట్టిగా బైబిలు చదవడం అలా మొదలైంది. అమ్మకు దగ్గు అలాగే ఉంది, మోకాళ్ల నొప్పి అలాగే ఉంది. కానీ నడకలో తేడా వచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి ఎవరు ఏం అడిగారో, తనేం చెప్పిందో నాకు చెబుతుంటే ఆమె ముఖం ఎలా ఉండేదో నేను రాయలేను. సువార్త చెబితే ఎదుటివాళ్లకు ఆశీర్వాదం అని చిన్నప్పటి నుంచి విన్నాను. చెప్పిన మనిషికి ఏమవుతుందో ఆ మార్చి నెలలో మా ఇంట్లో చూశాను.

నాయనమ్మ ఒక సంగతి చెప్పేదట, అమ్మ దాన్ని ఇప్పుడు మాటిమాటికీ తలుచుకుంటుంది. ఒంగోలు వైపు ఎర్రగుంట్ల పేరయ్య అని తోళ్ల వ్యాపారం చేసే ఆయన ఉండేవాడు. 1860లలో సంగతి. తను విన్నది ముందు తన వాళ్లకు, తన వ్యాపారం తిరిగే ఊళ్లకు చెప్పాడు. అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఆ పల్లెలకు పోయేసరికే వినడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు. కరువు తర్వాత 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని చరిత్రలో రాసుకున్నారు. పేరయ్య తోళ్ల మూట మోస్తూ చెప్పాడు, నేను తొడిమలు తీస్తూ చెబుతున్నానంటుంది అమ్మ. అంకెల జోలికి మాత్రం పోదు. ఎంతమంది మారారని మా సంఘంలో ఒకరు అడిగితే, "నేను లెక్క చూడలేదండీ, లెక్కలు మా అమ్మాయి చూస్తుంది" అంది.

ఆ అమ్మాయి సంగతీ, అంటే నా సంగతీ, చెప్పాలి. ఆఫీసులో నా పక్క టేబుల్ ఆవిడతో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. నేను ఆదివారం గుడికి వెళ్తానని ఆమెకు తెలుసు, అంతే. నేను నోరు తెరిస్తే మతం మార్చడానికి చూస్తోంది అనుకుంటారని నా భయం. ఆ భయాన్ని మర్యాద అనుకుని తొమ్మిదేళ్లు గడిపేశాను. ఆ మార్చిలోనే వాళ్లమ్మకు పెద్ద ఆపరేషన్ అయింది. మధ్యాహ్నం ఆమె బాక్సు తెరవకుండా కూర్చుంది. నేను ఏం చెప్పాలో తెలియక, అమ్మ షెడ్డులో చెప్పిన కథ చెప్పాను, తిరుపతమ్మ భక్తురాలు అన్న మాట కూడా చెప్పాను. నా బాక్సులో సగం ఆమె మూతలో పెట్టాను. "మీ అమ్మ కోసం ప్రార్థన చేయనా?" అని అడిగాను. "చేయి" అంది. రెండు వాక్యాలు చేశాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది.

తిన్నాక ఆమె ఒక ప్రశ్న వేసింది. "ఆ పిల్ల చావు బతుకుల్లో ఉందని తెలుసు కదా. ముందు అక్కడికి పోకుండా దారిలో ఎందుకు ఆగాడు మీ దేవుడు?"

నాకు జవాబు రాలేదు. తెలియదు, రేపు చెబుతానన్నాను. రాత్రి అమ్మను అడిగాను. అమ్మ అన్నం కలుపుతూ, "ఆ ఆడమనిషి కోసం పన్నెండేళ్లుగా ఎవరూ ఆగలేదు కదే" అంది. కాసేపాగి, "పిల్ల వయసూ పన్నెండే, ఈమె బాధపడిందీ పన్నెండేళ్లే. ఆ పిల్ల పుట్టిన ఏడాది ఈమె జబ్బు పట్టింది. ఆయనకు ఇద్దరూ కూతుళ్లే. ఆమెను కూడా కుమారీ అనే పిలిచాడు, చూడు కావాలంటే" అంది. ఫోన్ తీసి చూశాను. ఉంది.

మరుసటి రోజు ఆ మాటే ఆమెకు చెప్పాను. కళ్లు తుడుచుకుంది. ఆమె ఇప్పటికీ మంగళవారం ఆంజనేయస్వామి గుడికి వెళ్తుంది, నేను ఆదివారం గుడికి వెళ్తాను. కానీ ఇప్పుడు మా మధ్య దాచుకునేది లేదు. ఆమె తన కష్టం చెబుతుంది, నేను ప్రార్థన చేస్తాను, ఆమె మళ్లీ ప్రశ్నలు వేస్తుంది. ఆ ప్రశ్నల కోసం నేను చదివినంత బైబిలు, నా కోసం నేను ఎప్పుడూ చదవలేదు. పుట్టుకతో వచ్చిన విశ్వాసం నాది. అది నాదేనని తెలిసింది మాత్రం ఎవరో అడిగితే చెప్పాల్సి వచ్చినప్పుడే.

కొనేవాళ్లకు ఒక మాట. ఈ పెట్టె మైకు కాదు. వీధంతా వినపడాలని కిటికీలో పెట్టొద్దు. మేమూ ఒకసారి ఆ తప్పు చేశాం. సాయంత్రం అరుగు మీద పెడితే ఎదురింట్లో పరీక్షలకు చదువుకునే పిల్లాడు ఉన్నాడని వాళ్లు వచ్చి చెప్పారు. అమ్మ వెంటనే ఆపి, వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగి వచ్చింది. వినేవాళ్ల ఇష్టం అడగకుండా వినిపిస్తే అది సువార్త కాదు, గోల. ఇంకొకరి దేవుణ్ణి తక్కువ చేసే మాట అమ్మ నోట నేనెప్పుడూ వినలేదు. ఎదుటివాళ్లు వింటున్నారంటే అందుకే వింటున్నారని నా నమ్మకం.

మార్కులు వేయమంటే వస్తువుకు 5లో 3 వేస్తాను. గొంతుకు, ఆపిన చోట మొదలవడానికి, తాడుకు. బటన్లకు, పాత పిన్నుకు, మొదటి పెట్టెకు తగ్గించాను. ఇంట్లో చదువు రాని పెద్దవాళ్లుంటే మాత్రం ఆలోచించకుండా కొనండి. బిల్లు, గ్యారంటీ కార్డు జాగ్రత్త.

ఈ ఏడాది సీజన్‌లో షెడ్డుకు పల్నాడు నుంచి ఒకమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. భర్త చనిపోయాడు, అత్తగారితో కలిసి వచ్చింది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తొడిమలు తీసేవాళ్లు. అమ్మ రూతు గ్రంథం పెట్టింది. నాలుగే అధ్యాయాలు. కరువుకు ఊరు విడిచిపోవడం, ముగ్గురు మగవాళ్లూ పోవడం, వెళ్లిపొమ్మన్నా కోడలు అత్తను విడిచిపెట్టకపోవడం, కోత కాలంలో పొలంలో రాలిపోయిన వెన్నులు, అంటే పరిగె, ఏరుకోవడం. పరిగె అనగానే షెడ్డులో వివరించాల్సిన పని లేకపోయింది, అందరూ చిన్నప్పుడు ఏరినవాళ్లే. ఆ అమ్మాయి తల ఎత్తకుండా వింది. అయిపోయాక వాళ్లత్తగారు, "ఇంకోసారి పెట్టించమ్మా" అని అడిగిందట. అలా ఆ నెలలో నాలుగుసార్లు విన్నారు.

మే నెలలో యార్డుకు సెలవులు ఇచ్చారు. పనులు తగ్గాయి, వాళ్లిద్దరూ ఊరికి బయల్దేరారు. అమ్మ బస్టాండు దాకా వెళ్లింది. తిరిగొచ్చాక చేతిలో సంచి ఖాళీగా ఉంది. నేనేమీ అడగలేదు. అమ్మే చెప్పింది: "వాళ్లిద్దరికీ చదువు రాదే. మా అత్త చదివి వినిపించబట్టే కదా నాకు ఈ మాత్రం తెలిసింది. ఆమెకు ఎవరు వినిపిస్తారు?"

నేను మళ్లీ విజయవాడ వెళ్లి ఇంకోటి కొన్నాను, అదే షాపులో. ధర ఇప్పుడు 2,600 అయింది. ఆ పెద్దాయన నన్ను గుర్తుపట్టి, ఈసారి అరగంట మోగించి చూపించి మరీ ఇచ్చారు. ఇంటికి రాగానే ముత్యం అతికించాను.

మొన్న రాత్రి ఎవరిదో ఫోన్ నుంచి ఆ అమ్మాయి మాట్లాడింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. అత్తకు రూతు కావాలంట, తను నొక్కుతుంటే వేరే ఏదో వస్తోందంట. అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "మీట ఎటుంది? పాత నిబంధన వైపు తిప్పు. తిప్పావా? ఇప్పుడు ముత్యం నొక్కు, నేను లెక్క చెబుతా. ఆదికాండం. నిర్గమకాండం. నిదానంగా, తొందరేం లేదు. లేవీయకాండం. సంఖ్యాకాండం. ద్వితీయోపదేశకాండం. యెహోషువ. న్యాయాధిపతులు. ఇంకొక్కటి నొక్కు. వచ్చిందా?"

అవతల పెట్టె మోగడం నాకూ వినిపించింది.